రామానుజన్ పట్టికలో లేని 2,93,31,86,25,600

1915లో లండన్ మేథమేటికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో శ్రీనివాస రామానుజన్ అతిసంయుక్త సంఖ్యల మీద సుదీర్ఘ వ్యాసం ప్రచురించారు. తనకంటే చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు ఉంటే అది అతిసంయుక్త సంఖ్య. ఉదాహరణకు 12కి ఆరు భాజకాలు. 1 నుంచి 11 వరకు దేనికీ అన్ని లేవు. వ్యాసంలోని పట్టికలో ఇలాంటివి 102 ఉన్నాయి. చివరిది 67,46,32,83,88,800. కంప్యూటర్లు లేని కాలంలో కట్టిన ఆ పట్టికలో ఒక్క సంఖ్య మాత్రం జారిపోయింది: 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600.

సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టి, ప్రతి ఘాతాంకానికీ ఒకటి కలిపి గుణిస్తే భాజకాలెన్నో తేలుతుంది. అతిసంయుక్త సంఖ్యలో 2, 3, 5, 7 అంటూ ముందుకు పోయేకొద్దీ ఘాతాంకం పెరగదని రామానుజన్ నిరూపించారు. కారణం తేలికే. 75లో 3 ఒకసారి, 5 రెండుసార్లు ఉన్నాయి. వాటిని తారుమారు చేస్తే 45 వస్తుంది. భాజకాలు అవే ఆరు, సంఖ్య మాత్రం చిన్నది. పట్టికలో లేని సంఖ్య ఈ నియమానికి సరిగ్గా లోబడుతుంది. 2 నుంచి 19 వరకు దాని ఘాతాంకాలు వరుసగా 6, 4, 2, 2, 1, 1, 1, 1. భాజకాలు 5040.

అసలు విషయం దాని పక్కనున్న సంఖ్యతో పోల్చినప్పుడు బయటపడుతుంది. 13,96,75,53,600కి 2688 భాజకాలున్నాయి. దాన్ని 23తో గుణిస్తే కొత్త ప్రధాన సంఖ్య చేరి భాజకాలు రెట్టింపై 5376 అవుతాయి, వచ్చేది ఆ పక్కనున్న సంఖ్య 3,21,25,37,32,800. 23కి బదులు 21తో గుణిస్తే పట్టికలో లేని సంఖ్య వస్తుంది, కొత్త ప్రధాన సంఖ్యేదీ రాదు. 3 ఘాతాంకం మూడు నుంచి నాలుగుకు, 7 ఘాతాంకం ఒకటి నుంచి రెండుకు పెరుగుతాయి. భాజకాలు 15/8 రెట్లై 5040 అవుతాయి. పెద్ద సంఖ్యను చేరకముందే, దానికి కాస్త తక్కువ భాజకాలతో ఇది నిలుస్తుంది.

అయితే ఈ పోలిక ఒక్కటే చాలదు. దీనికంటే చిన్న సంఖ్యల్లో దేనికీ 5040 గానీ అంతకు మించి గానీ భాజకాలు లేవని కూడా తేలాలి. ఘాతాంకాల నియమం వల్ల ఆ వెతుకులాట వేళ్లమీద లెక్కించలేకపోయినా, చేత్తో చేయగలిగేంతకు తగ్గుతుంది. అందుకే పట్టికలోని లోపం సిద్ధాంతాన్ని తాకలేదు. ఆ లోపాన్ని సరిదిద్దే సాధనం కూడా ఆ వ్యాసంలోనే ఉంది.

అతిసంయుక్త సంఖ్యల మీద చేసిన ఈ పరిశోధనకే 1916లో కేంబ్రిడ్జ్ రామానుజన్‌కు బి.ఏ. పట్టా ఇచ్చింది. సొసైటీకి నిధులు చాలక అప్పట్లో వ్యాసంలో కొంత భాగం అచ్చుకాలేదు. ఆ భాగం గణితవేత్తలు నికొలా, రోబాన్‌ల వ్యాఖ్యలతో 1997లో రామానుజన్ జర్నల్‌లో వెలువడింది.