కుందూ తీరపు మురుగునీటి నిర్వహణ – కోయిలకుంట్ల నుంచి సముద్రం వరకు

నంద్యాల జిల్లా (2022 ఏప్రిల్ 4కు పూర్వం కర్నూలు జిల్లా) కోయిలకుంట్ల సముద్రానికి బహుదూరంలో ఉన్నది. అయినప్పటికీ ఆ పట్టణం వెంబడి ప్రవహించే కుందూ నది, కడప జిల్లాలో కమలాపురం సమీపాన పెన్నలో కలిసి, సోమశిల జలాశయం మీదుగా నెల్లూరు తీరాన బంగాళాఖాతం చేరుతుంది. సముద్ర కాలుష్యంలో అధికభాగం భూభాగం నుంచే వస్తున్నదని గుర్తించి, 1995లో వాషింగ్టన్‌లో 108 దేశాల ప్రభుత్వాలు దాని నివారణకు ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఆమోదించాయి. దీవులకు, రేవు పట్టణాలకు వర్తించే బాధ్యత నదీతీర పట్టణాలకూ వర్తిస్తుందన్నది అందలి సారాంశం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 351 కలుషిత నదీభాగాలను గుర్తించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి ఐదు. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, నాగావళి నదుల సరసన నంద్యాల నుంచి మద్దూరు వరకు గల కుందూ కూడా చేరింది. స్నానయోగ్యమైన నీటిలో జీవరసాయన ఆక్సిజన్ అవసరం లీటరుకు 3 మిల్లీగ్రాములు మించరాదన్నదే అందుకు కొలమానం. జాతీయ హరిత ధర్మాసనం అదే సంవత్సరం ఈ విషయాన్ని స్వయంగా చేపట్టి, ప్రతి రాష్ట్రంలోనూ నదీ పునరుజ్జీవన కమిటీ ఏర్పాటు చేయవలసిందిగా ఆదేశించింది.

కుందూ పెద్ద నది కాదు. వరదకాలంలో మురుగు కొట్టుకొనిపోతుంది. వేసవిలో ప్రవాహం సన్నగిల్లి, పైనున్న నంద్యాల మురుగు సైతం మడుగులలో నిలిచిపోతుంది. ఇదే నీరు దిగువన రాజోలి ఆనకట్ట ద్వారా కె.సి. కాలువ ఆయకట్టుకు అందుతుంది. కనుక నష్టం సముద్రానికంటే ముందు రైతుకే.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు నేలలోనే ఉన్నది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి నీటిని ఇంకనీయదు, ఎండినప్పుడు పగుళ్లు తీస్తుంది. అందుచేత సెప్టిక్ ట్యాంకునకు అనుబంధంగా త్రవ్విన ఇంకుడుగుంత కొద్దికాలానికే నిండి, మలినజలం వీధికాలువలోనికి, అక్కడి నుంచి వాగులోనికి చేరుతుంది. 25 మిల్లీమీటర్ల నీరు ఇంకుటకు 60 నిమిషాలకు మించి పట్టే నేలల్లో ఇంకుడుగుంతకు బదులు వడపోత గదులను నిర్మించాలని భారతీయ ప్రమాణాలు సూచిస్తున్నాయి. ఇంటి నిర్మాణానికి అనుమతి ఇచ్చేటప్పుడే ఈ పరీక్ష కోరడం సులభం. తరువాత దిద్దుబాటు ఖర్చుతో కూడిన పని.

ట్యాంకులను రెండు, మూడేళ్లకొకసారి ఖాళీ చేయించవలసి ఉన్నది. ఆ పనికి తగిన రక్షణ లేకుండా మనుషులను దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. యంత్రవాహనాలు సేకరించిన మలవ్యర్థాన్ని పొలాల్లోగాని, నదిలోగాని పారబోయక శుద్ధికేంద్రానికి తరలించాలని 2017 జాతీయ విధానం ఉద్దేశం. పరస్పరం సమీపంలో ఉన్న పట్టణాలు, గ్రామాలు ఒకే శుద్ధికేంద్రాన్ని ఉమ్మడిగా వినియోగించుకొనేందుకు ఆ విధానంలో వీలున్నది.