ఆడికి పోయేసరికి అంగారకుడు ఉంటడా?

1986 జనవరి. వాయేజర్-2 యురేనస్ పక్కనుంచి దూసుకుపోయిందన్న వార్త చదివి, పదో తరగతిలో ఉన్న నేను లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని అంగారక యాత్రకు లెక్క కట్టాను. సూర్యుడి నుంచి భూమి దూరం 1 అనుకుంటే అంగారకుడిది 1.524. సగటు 1.262. కెప్లర్ మూడో నియమం ప్రకారం ఆ దారిలో ఒక చుట్టుకు 1.418 ఏళ్లు, సగం చుట్టుకు 259 రోజులు. తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డ మన లెక్కల సార్‌కు కాగితం చూపించాను.

"లెక్క మంచిగనే ఉంది. నీ రాకెట్ ఆడికి పోయేసరికి అంగారకుడు ఆడ ఉంటడా?" అని బస్సెక్కి వెళ్లిపోయారు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. 259 రోజుల్లో నౌక 180 డిగ్రీలు తిరిగితే అంగారకుడు 136 డిగ్రీలే నడుస్తాడు. కాబట్టి మనం బయలుదేరేనాటికి అతడు 44 డిగ్రీలు ముందుండాలి. ఆ అదను సుమారు 780 రోజులకోసారే వస్తుంది. జర్మన్ ఇంజనీరు వాల్టర్ హోమాన్ ఈ దారిని 1925లోనే పుస్తకంలో పెట్టాడు.

ఆకాశపు లెక్కలు మన ఉస్మానియాకు కొత్త కాదు. 1919లో యూనివర్సిటీ చేతికొచ్చిన నిజామియా అబ్జర్వేటరీ ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టికలకెక్కించింది. క్యాంపస్‌లో రోజూ నడిచేవాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో! గ్రహాల మధ్య దారులు మాత్రం చేతి లెక్కలకు అంత సులువుగా లొంగలేదు. 1961లో మైకేల్ మినోవిచ్ అనే అమెరికన్ విద్యార్థి ఐబీఎం 7090 కంప్యూటర్‌తో, ఒక గ్రహం ఆకర్షణను వాడుకుని మరో గ్రహానికి వెళ్లే దారులు లెక్కించాడు. వాయేజర్ వెళ్లింది అలాంటి దారిలోనే.

మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి లేచింది. దాన్ని నేరుగా అంగారకుడి దారిలో పెట్టే బలం పీఎస్‌ఎల్‌వీకి లేదు. అందుకే భూమి చుట్టూ తిప్పుతూ, ఇంజిన్ మండించినప్పుడల్లా కక్ష్యను సాగదీశారు. ఒకసారి వేగం తక్కువైతే మర్నాడే మళ్లీ మండించి సరిచేశారు. డిసెంబరు 1న భూమిని వదిలి, 2014 సెప్టెంబరు 24న చేరింది. దారిలో ఆగస్టుకు అనుకున్న దిద్దుబాటు అవసరమే పడలేదు.

ఆ సాయంత్రం సార్ ఇంటికి వెళ్లాను. "297 రోజులు పట్టింది సార్" అన్నాను.

"నువ్వు 259 అంటివి గదా. 38 రోజులు ఎటు పోయినయ్?"

నాసా ఉచితంగా ఇచ్చే జీమ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మన పిల్లలు అమెరికా చదువులకు రాసే పరీక్ష కాదు, అది వేరు. దాన్ని లాప్‌టాప్‌లో వేసుకుని వారం రోజులు కుస్తీ పట్టాను. నేను వృత్తాలనుకున్న కక్ష్యలు వృత్తాలు కావు, ఒకే తలంలోనూ లేవు. ప్రింట్ తీసి పట్టుకెళ్లాను. సార్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఈసారి కాగితం తిరిగివ్వలేదు.