ఏ చదువో తేల్చుకోని విద్యార్థికి మధ్యస్థాయి ప్రైవేటు విశ్వవిద్యాలయం తగునా?

ఇంటర్మీడియట్, పీయూసీ, ప్లస్ టూ... పేరు ఏదైనా, పన్నెండో తరగతి ముగిసిన నాటికి ముందు ఏమి చదవాలో నిశ్చయించుకోలేని విద్యార్థులు ప్రతి ఊరిలోనూ ఉంటారు. పదిహేడేళ్ల వయసులో అది సహజమే. సరిహద్దు గ్రామాలలో దానికి మరొక చిక్కు తోడవుతుంది. ఇంటి భాష తెలుగు, ధ్రువపత్రం కర్ణాటకది లేదా ఒడిషాది, దగ్గరలోని కళాశాల ఇంకొక రాష్ట్రానిది. ఫలితాలు వెలువడగానే ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రతినిధులు వచ్చి "ముందు చేరండి, తరువాత చూసుకోవచ్చు" అంటారు. ఆ తరువాత నిజంగా మార్చుకొనే వీలున్నదా, మార్చుకుంటే ఎంత నష్టం అన్న రెండు ప్రశ్నల మీదనే ఈ నిర్ణయం ఆధారపడాలి.

మధ్యస్థాయి అంటే ఏమిటి?

దీనికి చట్టంలో నిర్వచనం లేదు. కొన్ని వేల మంది విద్యార్థులు, పది పన్నెండు శాఖలు ఉన్నదానిని వాడుకలో అలా అంటారు. పెద్ద విశ్వవిద్యాలయంలో శాఖలు ఎక్కువే గాని, విద్యార్థి గుంపులో కలిసిపోతాడు. చిన్న కళాశాలలో అధ్యాపకులు పేరు పెట్టి పిలుస్తారు గాని, మారడానికి వేరే శాఖ ఉండదు. మధ్యస్థాయి సంస్థలో ఈ రెండు మేళ్లూ లభించవచ్చు. అయితే పేరుకు విశ్వవిద్యాలయమై, లోపల ఇంజనీరింగు, మేనేజిమెంటు మాత్రమే ఉన్నచోట తేల్చుకోని విద్యార్థికి ప్రయోజనం స్వల్పం.

మొదట చూడవలసినది గుర్తింపు

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు రెండు విధాలు. 1956 నాటి యూజీసీ చట్టం మూడవ సెక్షను కింద కేంద్రం గుర్తించినవి డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. విశాఖపట్నంలోని గీతం 2007లో ఈ హోదా పొందింది. రాష్ట్ర శాసనసభ చట్టంతో ఏర్పడేవి రెండవ రకం. పర్లాకిమిడిలో ప్రాంగణం గల సెంచూరియన్ విశ్వవిద్యాలయం 2010లో ఒడిషా చట్టంతో ఏర్పడింది. ఛత్తీస్‌గఢ్‌లో 2002 నాటి చట్టం ఆసరాగా నూరుకు పైగా ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలక నిబంధనలను కొట్టివేయగా వాటి ఉనికే పోయింది. కనుక యూజీసీ జాబితాలో పేరు చూడనిదే రుసుము కట్టరాదు.

2003 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం రాష్ట్ర ప్రైవేటు విశ్వవిద్యాలయం ఇతర కళాశాలలకు అనుబంధం ఇవ్వరాదు. పొరుగు రాష్ట్రపు బస్తీలో అద్దె గదులలో నడిచే "స్టడీ సెంటరు"ను ఈ నియమం దృష్టిలో ఉంచుకొని చూడాలి. న్యాయశాస్త్రానికి బార్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ అనుమతి వేరుగా కావాలి.

మారడానికి వీలు

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒక సంవత్సరానికి సర్టిఫికెట్, రెండింటికి డిప్లొమా, మూడింటికి డిగ్రీ ఇచ్చే పద్ధతి వచ్చింది. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు వెలువడ్డాయి. చదివిన క్రెడిట్లు ఆ ఖాతాలో నిలిచినంత మాత్రాన రెండవ సంస్థలో సీటు దొరకదు. అక్కడ ఖాళీ ఉండాలి, పాఠ్యక్రమం సరిపోవాలి. తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం వంటి కొన్నిచోట్ల మొదటి సంవత్సరం ఉమ్మడి పాఠాలు చదివి, తరువాత ప్రధాన విషయాన్ని ఎన్నుకొంటారు. ఎక్కువ సంస్థలలో ప్రవేశమే శాఖల వారీగా జరుగుతుంది. బీటెక్‌లో శాఖ మార్పు మార్కులకు, ఖాళీలకు లోబడి ఉంటుంది. బీటెక్ నుండి బీకాంకు మారదలచినవారు చాలాసార్లు మళ్లీ మొదటి సంవత్సరంలోనే చేరవలసి వస్తుంది.

ఖర్చు, స్థానికత

మాతృభాష తెలుగు అయినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లోగాని తెలంగాణలోగాని స్థానిక అభ్యర్థి కాజాలడు. చదివిన, నివసించిన చోటును బట్టి స్థానికత నిర్ణయమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వాల రుసుము సహాయం సాధారణంగా ఆ రాష్ట్ర వాసులకే పరిమితం. కనుక సరిహద్దు దాటి చేరే విద్యార్థి పూర్తి రుసుమును లెక్కలో వేసుకోవాలి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం కింద హామీ లేని రుణం లభిస్తుంది గాని, అది నిర్ణీత జాబితాలోని సంస్థలకే వర్తిస్తుంది.

సీటు మానుకొంటే రుసుము వాపసుకు 2018లో యూజీసీ నియమాలు ప్రకటించింది. ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకొంటే మొత్తం సొమ్ము (5 శాతం వరకు, 5,000 రూపాయలకు మించకుండా తగ్గించి) తిరిగి ఇవ్వాలి. చివరి తేదీ దాటిన 30 రోజుల తరువాత ఏమీ రాదు. అసలు ధ్రువపత్రాలను సంస్థ తన వద్ద అట్టిపెట్టుకోరాదు. తరువాతి సంవత్సరాలలో యూజీసీ వేరుగా గడువులు ప్రకటించింది. కనుక చేరే ఏటి గడువును ముందే తెలుసుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు

నిరుడు ఎందరు శాఖ మారారు? మారినవారికి సంవత్సరం కలిసి వచ్చిందా? ఒక తరగతిలో ఎందరు? కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాలలో చదివి వచ్చినవారికి ఆంగ్లంలో ప్రత్యేక బోధన ఉన్నదా? రెండవ సంవత్సరం నుండి రుసుము పెరుగుతుందా? ఈ జవాబులను కార్యాలయం నుండి వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. చివరి సంవత్సరం విద్యార్థులను కూడా విడిగా విచారించాలి.

జవాబులు అనుకూలంగా ఉండి, ఇంటి భూమి తాకట్టు పెట్టకుండా రుసుము కట్టగలిగితే అటువంటి విశ్వవిద్యాలయం తేల్చుకోని విద్యార్థికి తగినదే. మార్పుకు తావు లేక, అప్పు మాత్రం పెద్దదైతే దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరడం మేలు. అక్కడ మనసు మారినా పోయేది ఒక సంవత్సరమే, పొలం పోదు.