నల్ల బ్యాడ్జీల డ్యూటీ

హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ స్టాపులో బస్సు దిగగానే ముందు మూసీ కంపు తగులుతుంది, ఆ తర్వాతే ఉస్మానియా ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. 2024 జూన్ 24, సోమవారం. సోమవారం అంటే ఇక్కడ తిరునాళ్లే. శని, ఆదివారాలు ఓర్చుకున్న రోగమంతా మూటగట్టుకుని జనం దిగే రోజు. గేటు దగ్గర టీ బండి మనిషి గ్లాసులు కడుగుతూ వచ్చినవాళ్లందరికీ ఒకే కబురు చెబుతున్నాడు. "జూనియర్ డాక్టర్ల సమ్మె అన్నా ఇయ్యాల. ఓపీ సూస్తరో సూడరో ఎరుకలేదు."

మీరు లోపలికి నడుస్తారు. పాత భవనానికి తాళం. 2020 జూలై వానలకు మురుగునీరు వార్డుల్లోకి వచ్చి మంచాల కింద పారింది. ఆ నెలలోనే దాన్ని ఖాళీ చేశారు. విన్సెంట్ ఎష్ ప్లాను గీయగా నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన భవనం అది. దూరం నుంచి చూస్తే ఇప్పటికీ రాజసమే, లోపల మాత్రం ఒక్క మంచం వేయడానికి వీల్లేదు. అందులో ఉండాల్సిన రోగులు పక్క బ్లాకుల్లో సర్దుకున్నారు. సర్దుకోవడం అంటే ఏమిటో ఏ జనరల్ వార్డులోకి తొంగిచూసినా తెలుస్తుంది. మంచాల మధ్య చాప, చాప మీద ఇంకో పేషెంటు, కిటికీ ఊచకు కట్టిన సెలైన్ సీసా.

చెట్టు నీడన తెల్ల కోట్ల గుంపు. మెడలో స్టెతస్కోపు, భుజం మీద నల్ల రిబ్బను ముక్క, చేతిలో అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన డిమాండ్లు. స్టైపెండ్ నెలనెలా టైముకు రావాలి, దానికి గ్రీన్ చానెల్, అంటే డబ్బు ఎక్కడా ఆగకుండా విడుదలయ్యే దారి, పెట్టాలి. ఉస్మానియాకు కొత్త భవనం కట్టాలి. హాస్టళ్లు కావాలి. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో రోడ్లు వేయాలి. డ్యూటీలో కొట్టకుండా కాపలా కావాలి. ఈ చివరిదాని వెనక గాంధీ ఆస్పత్రి జ్ఞాపకం ఉంది. 2020 జూన్‌లో కోవిడ్ వార్డులో పేషెంటు చనిపోతే బంధువులు డ్యూటీ డాక్టరు మీద పడి కొట్టారు, జూనియర్ డాక్టర్లు (జూడాలు) రోడ్డెక్కారు. ఆ జాబితాను మరోసారి చదవండి. ఇందులో దర్జా కోరిక ఒక్కటైనా ఉందా? చేసిన పనికి డబ్బు, పడుకోవడానికి గది, మురుగునీళ్లు పారని వార్డు.

వాళ్లు బహిష్కరించింది ఓపీని, వార్డు డ్యూటీలను, ముందే తేదీ ఇచ్చిన ఆపరేషన్లను. ఎమర్జెన్సీ జోలికి పోలేదు. ఈ తేడా కాగితం మీద చక్కగా ఉంటుంది. ఓపీ లైనులోకి వెళ్లి నిలబడితే అది ఎక్కడ చెదిరిపోతుందో తెలుస్తుంది.

లైను నిజానికి ఆగలేదు, నత్తనడకన కదులుతోంది. గదిలో ప్రొఫెసరు, అసిస్టెంట్ ప్రొఫెసరు స్వయంగా కూర్చుని చీటీలు రాస్తున్నారు. రోజూ నలుగురైదుగురు పీజీలు చూసే జనాన్ని ఇద్దరు చూడాలి. మీ ముందు ఒకాయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. దేవరకొండ దగ్గర ఊరట, తెల్లారుజామున బయల్దేరారట. కుడికాలికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది. ఆయన భార్య ఓపీ చీటీతో విసురుకుంటూ, "షుగరున్నది సారూ, పది దినాల కింద ముల్లు ఇరిగింది" అంటోంది. అడుగుతున్నది మిమ్మల్నే, మీరు డాక్టరు కాదని చెప్పినా ఆమెకు పట్టింపు లేదు. చొక్కా ఇన్‌షర్టు చేసిన ప్రతివాడూ ఇక్కడ సారే.

గుడ్డ విప్పితే వాసన ముందు వస్తుంది. బొటనవేలు బొగ్గులా నల్లబడింది, పక్కవేలు వాచి మెరుస్తోంది, పాదం మీద ఎరుపు చీలమండ దాకా పాకింది. ఇది ఎమర్జెన్సీయా కాదా? గుండెపోటు కాదు, లారీ కింద పడ్డది కాదు. మనిషి మాట్లాడుతున్నాడు, టీ కూడా తాగాడు. చీటీ మీద సర్జికల్ ఓపీ అని ఉంది. అంటే సమ్మె లెక్కలో ఇవాళ ఆగిపోయే కేసు. ఈ సాయంత్రానికి జ్వరం వస్తే, రేపటికి చీము పైకి పాకితే, ఎల్లుండి మోకాలి దాకా కాలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఆవిడ లైను వదిలి నేరుగా చెట్టు కిందికి వెళ్తుంది. స్లోగన్ల మధ్యలో ఒకమ్మాయి కోటు పట్టుకుని లాగుతుంది. ఆ అమ్మాయి సర్జరీ పీజీ అయ్యుండాలి. అట్టముక్క పక్కవాడి చేతికిచ్చి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మడమ దగ్గర నాడి వెతుకుతుంది. వేలితో నొక్కి చూస్తుంది.

"ఎన్ని రోజులమ్మా నల్లబడి?"

"రెండు దినాలాయె బిడ్డా."

"పొద్దున ఇన్సులిన్ వేశారా?"

"అయిపోయింది. కొనలె."

అమ్మాయి ఇంకేం అడగలేదు. ఓపీ చీటీ వెనక నాలుగు అక్షరాలు గీకి, "లైన్ల నిలబడొద్దు. క్యాజువాలిటీకి తీస్కపోండి, నా పేరు చెప్పండి" అని స్ట్రెచర్ కోసం కేకేసింది. స్ట్రెచర్ రాలేదు, వీల్‌చైర్ వచ్చింది, ఒక చక్రం మొరాయిస్తూ. మీరూ ఓ చెయ్యి వేసి తోస్తారు.

ఎమర్జెన్సీ సేవల్లో సమ్మె కూడదని చట్టం రాసేవాళ్లు ఈ చీటీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నాకనిపిస్తుంది. ఏది ఎమర్జెన్సీ అన్నది బ్లాకు మీద బోర్డు తేల్చే సంగతి కాదు. ఒక చదువుకున్న వేలు ఒక పాదం మీద నొక్కి తేల్చే సంగతి. ఆ వేలు సమ్మెలో ఉన్న మనిషిదే. ఓపీ ఆపితే ఏమీ కాదనే సమ్మెదారుల ధీమా సగం తప్పని ఆ కాలు చెబుతుంది. సమ్మెలో ఉన్నవాళ్లు రోగిని గాలికొదిలేశారనే సర్కారు మాట కూడా ఆ కాలు ముందు నిలవదు.

క్యాజువాలిటీలో సమ్మె ఛాయ లేదు. నల్ల రిబ్బన్లు తప్ప. మెడికో-లీగల్ కేసుల (ఎంఎల్‌సీ) రిజిస్టరు ముందు హౌస్ సర్జన్ నిలబడే రాస్తున్నాడు. ఓ మూల పురుగుమందు తాగిన కుర్రవాడికి ముక్కు గొట్టం వేసి కడుపు కడుగుతున్నారు. ఇంకో మంచం దగ్గర నలభై ఏళ్ల మనిషి గొంతులో ట్యూబు, వెంటిలేటర్ ఖాళీ అయ్యేదాకా అంబు బ్యాగు నొక్కాలి. నొక్కుతున్నది నర్సూ కాదు, డాక్టరూ కాదు, ఆయన తమ్ముడు. పీజీ అతని చేతి మీద చెయ్యి వేసి లయ నేర్పుతున్నాడు. "నొక్కు... వదులు. తొందరపడకన్నా. ఛాతీ లేస్తుందా, అది చూడు." తమ్ముడి కళ్లు అన్న ఛాతీని దాటి ఎటూ పోవు. సమ్మె లేని రోజునా ఇక్కడ ఇదే దృశ్యం. అత్యవసర సేవ అంతరాయం లేకుండా సాగాలని ఉత్తర్వులిచ్చే వాళ్లు ఈ తమ్ముడిని ఏ సిబ్బంది లెక్కలో వేస్తారో!

బయట పోర్టికోలో 108 అంబులెన్స్ ఆగింది. పేషెంటును దించేశాక పైలట్ (డ్రైవరు), ఈఎంటీ (ఎమర్జెన్సీ టెక్నీషియన్) బండి వెనక మెట్టు మీద కూర్చున్నారు. 2005 ఆగస్టు 15న ఇదే హైదరాబాద్‌లో మొదలైన సేవ ఇది, తర్వాత దేశమంతా పాకింది. ఎక్కిన మనిషిని కాపాడిన గొప్ప అందరం చెప్పుకుంటాం. కానీ నడిపేది టెండరు దక్కిన ఏజెన్సీ, నడిచేది కాంట్రాక్టు మనుషులతో. జీతం ఆలస్యమైందని అడిగితే మీరు ప్రభుత్వ ఉద్యోగులు కారు, ఏజెన్సీని అడగండి అంటారు. సమ్మె నోటీసు ఇస్తే మీరు అత్యవసర సేవకులు, ఎస్మా పెడతాం అంటారు. ఒక్క మనిషికి రెండు ముఖాలు తగిలించి, ఏది అవసరమైతే అది చూపించడం మన పరిపాలనకు బాగా అలవాటైన విద్య.

ఎస్మా, అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం, కొత్తదేం కాదు. కేంద్రం 1968లోనే అలాంటి చట్టం చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సొంతానికి 1971లో చేసుకుంది, విడిపోయాక తెలంగాణకూ అదే వచ్చింది. ఉత్తర్వు వస్తే సమ్మె నేరమవుతుంది, వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. తమిళనాడులో 2003లో దాదాపు లక్షా డెబ్బై వేల మంది ఉద్యోగులను సమ్మె చేశారని తీసేస్తే, కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదని రంగరాజన్ కేసులో కోర్టు తేల్చేసింది. ఇక ప్రాణాపాయంలో ఉన్న మనిషిని ముందు కాపాడాలి, పోలీసు లాంఛనాలు తర్వాత అని 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది. అది ప్రభుత్వ డాక్టరుకూ, ప్రైవేటు డాక్టరుకూ వర్తిస్తుంది. కాబట్టి కట్టడి చేసే చట్టం చాలదన్న మాట ఒప్పుకోలేం. ఉన్నవే చాలా ఎక్కువ.

లేనిది రెండో సగం. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏళ్లుగా చెబుతున్నది ఇదే. ఆస్పత్రి సేవలు ప్రాణాలతో ముడిపడ్డవి, సమ్మె హక్కును కుదించవచ్చు. కానీ కుదించినచోట దానికి బదులుగా నిష్పక్షపాతంగా, త్వరగా తీర్పు చెప్పే మధ్యవర్తి ఉండాలి, ఆ తీర్పు ఇద్దరినీ కట్టేయాలి. మనం మొదటి సగం తెచ్చుకుని రెండో సగాన్ని పోర్టికోలోనే వదిలేశాం. స్టైపెండ్ మూడు నెలలు ఆగితే పీజీ వెళ్లి తట్టగల తలుపు ఏది? డీన్ సెక్రటేరియట్ వైపు చూపిస్తారు, సెక్రటేరియట్ ఆర్థిక శాఖ వైపు చూపిస్తుంది.

ఎమర్జెన్సీ కూడా మూసేస్తే ఏమవుతుందో ఈ ఉస్మానియా సమ్మె తర్వాత నెలన్నరకే కోల్‌కతా చూసింది. 2024 ఆగస్టు 9న ఆర్జీ కర్ ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య. జూనియర్లు 42 రోజులు పని మానేశారు. సెప్టెంబర్ 10 సాయంత్రం 5 గంటలకల్లా విధుల్లో చేరమని సుప్రీంకోర్టు చెప్పినా చేరలేదు. సెప్టెంబర్ 21న ఎమర్జెన్సీకి మాత్రమే తిరిగొచ్చారు. చికిత్స అందక 29 మంది చనిపోయారని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ప్రకటించారు, సీనియర్లు పనిచేస్తూనే ఉన్నారని జూనియర్లు వాదించారు. ఆ కోపం ఎవరూ కాదనలేనిది. అయినా నన్నడిగితే, అన్ని రోజులు ఎమర్జెన్సీ నుంచి తప్పుకోవడం తప్పే. క్యాజువాలిటీ గుమ్మంలో దిగే మనిషికి వేరే గుమ్మం చూసుకునే వ్యవధి ఉండదు.

మన ఎంబీబీఎస్‌లు ప్లాబ్ పరీక్ష రాసి వెళ్లే బ్రిటన్‌లోనూ ఇదే తగువు. 2022 డిసెంబర్ 21న అంబులెన్స్ సిబ్బంది సమ్మె చేసినప్పుడు ప్రాణాపాయం కేసులకు వెళ్తామని యూనియన్లే ఒప్పుకున్నాయి. మరుసటి ఏప్రిల్‌లో జూనియర్ డాక్టర్లు నాలుగు రోజులు పూర్తిగా బయటికొచ్చారు, ఎమర్జెన్సీని కన్సల్టెంట్లు మోశారు. 2023లో కనీస సేవల చట్టం తెచ్చారు. తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

రాత్రి పదిన్నర. పొద్దున చెట్టు కింద కనిపించిన పీజీ అమ్మాయి ఇప్పుడు క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ. కోటు మార్చలేదు, నల్ల రిబ్బను తీయలేదు. దేవరకొండ ఆయనకు వేలు తీసేశారు, పాదం నిలిచింది. భార్య వరండాలో పుల్లారెడ్డి మిఠాయి సంచిలో పాత బట్టలు కూరి దిండు చేసుకుంది. "మీకు జీతం ఇస్తలేరంట గద బిడ్డా?" అని అడుగుతుంది. అమ్మాయి నవ్వి, "ఇస్తరమ్మా. అడగాలె" అని లోపలికి పోతుంది.

ఆరోగ్య మంత్రి దామోదర రాజనర్సింహతో చర్చలు జరిగాయి. మూడు రోజులు తిరక్కుండానే జీవోలు వచ్చాయి, హాస్టళ్లకు, కాకతీయ రోడ్లకు రెండు వందల కోట్లకు పైగా మంజూరైంది, సమ్మె ముగిసింది. ఎన్ని అర్జీలు పెట్టినా కదలని ఫైలు మూడు రోజుల్లో కదిలింది. ఉస్మానియా కొత్త భవనానికి 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు.

ఆ ఏడు జూన్‌లో స్టైపెండ్ పెంపు కోసం జూడాలు మళ్లీ నోటీసు ఇచ్చారు. 30 నుంచి సమ్మె అన్నారు. ఆ తేదీ రాకముందే 15 శాతం పెంచుతూ ఉత్తర్వు వచ్చేసింది. హౌస్ సర్జన్‌కు 25,906 రూపాయల నుంచి 29,792 రూపాయలకు, మొదటి ఏడాది పీజీకి 58,289 నుంచి 67,032కు. ఈసారి ఎవరూ చెట్టు కిందికి రావాల్సిన పని పడలేదు, నోటీసు కాగితమే సరిపోయింది.