ముడుచుకున్న ఫైకస్ ఆకులో ఉన్నదెవరు?

గల్ఫ్‌లో ఎండలో పనిచేసేవాళ్ళకు ఫైకస్ చెట్టు పేరు తెలియకపోవచ్చు గానీ దాని నీడ మాత్రం తెలుసు. ఇక్కడ బహ్రెయిన్‌లో విల్లాల ప్రహరీల వెంట, రోడ్ల పక్కన కనిపిస్తుంది. మన మర్రి, రావి, మేడి, జువ్వి అన్నిటికీ ఇది దగ్గరి చుట్టం. ఈ చెట్టు లేత ఆకులు కజ్జికాయలా మడతపడి ఉంటాయని ఎపిసోడ్‌లో చెప్తే, "అన్నా, అది వైరస్సా?" అని చాలామంది అడిగారు.

వైరస్ కాదు. మడత విప్పి చూడండి. లోపల సన్నటి నల్ల పురుగులు, దాదాపు మూడు మిల్లీమీటర్లు ఉంటాయి. వాటి పక్కన పసుపు పచ్చని పిల్లలు, తెల్లటి గుడ్లు. ఇది మన రైతులు తామర పురుగు అనే జాతే, ఇంగ్లీషులో థ్రిప్స్. లేత ఆకును గీరి రసం పీలుస్తుంటే ఆ చోట ఎర్రటి, ఊదా మచ్చలు పడి, ఆకు నడి ఈనె దగ్గర మడతపడుతుంది. పురుగు తనకోసం చెట్టు చేత కట్టించుకున్న గది అన్నమాట. శాస్త్రంలో దాన్ని గాల్ అంటారు. కూలీ ఇవ్వకుండా ఇల్లు కట్టించుకోవడం మనకు కొత్తగా అనిపించదు లెండి.

అసలు కథ దాని పేరుది. 1900లో జిమ్మర్‌మాన్ అనే ఆయన జావాలో ఇలాంటి పురుగును వర్ణించి దానికి ఉజెలి అని పేరు పెట్టాడు. అంతకు ముందు 1895లో థ్రిప్స్ మీద పెద్ద గ్రంథం రాసిన ఉజెల్ అనే చెక్ పండితుడి పేరు అది. 1908లో పాల్ మార్షల్ అనే ఫ్రెంచి ఆయన అల్జీరియా ఫైకస్ ఆకుల్లో దొరికినదానికి ఫైకోరమ్ అని ఇంకో పేరు పెట్టాడు. ఈ రెండూ ఇప్పుడు గైనైకోథ్రిప్స్ అనే ఒకే ప్రజాతిలో ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే ఆ చెట్టు అల్జీరియాది కాదు, మన ఆసియా వైపుది. పురుగు కూడా చెట్టు వెంట వలస వెళ్ళి, పరాయి దేశంలో పేరు రాయించుకుంది. మనలాగే.

ఆ తర్వాత ఎక్కడ ఫైకస్ ఆకు మడతపడినా ఫైకోరమ్ అనే రాసుకుంటూ పోయారు. చూడడానికి రెండూ ఒకటే. నేను ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివినవాణ్ణి, పురుగుల మనిషిని కాను. కానీ మా సైట్లోనూ అంతే, కొలవకుండా కంటితో చూసి రాడ్ 10 ఎంఎమ్మో 12 ఎంఎమ్మో చెప్తే స్లాబ్ ఒప్పుకోదు. 1995లో లారెన్స్ మౌండ్, ఇంకో ఇద్దరు పరిశోధకులు తైవాన్‌లో చూసి తేడా తేల్చారు. తల వెనక ఉండే మొదటి వక్ష భాగం వెనక మూలల్లో ఒక జత రోమాలుంటాయి. ఉజెలికి అవి పొడుగు, ఫైకోరమ్‌కి పొట్టి. మైక్రోస్కోపు కింద మాత్రమే కనిపించే ఆ రోమాల దగ్గర తేలింది గొడవ.

చెట్టు కూడా సాక్ష్యం చెప్తుంది. ఫైకస్ మైక్రోకార్పా మీద ఫైకోరమ్, ఫైకస్ బెంజమినా మీద ఉజెలి. మైక్రోకార్పా ఆకు కాస్త మందం, మొన మొద్దుగా ఉంటుంది. బెంజమినా ఆకు పలచన, వాలుతూ, మొన తోకలా సాగి ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త. పెద్ద పురుగులకు రెక్కలున్నాయి, పక్క చెట్టు మీదా వాలతాయి. వాలినంత మాత్రాన ఆ చెట్టు దాని ఇల్లు కాదు. గుడ్లు, పిల్లలు కూడా ఉంటేనే ఇల్లు. విజిట్ వీసా వేరు, రెసిడెన్స్ పర్మిట్ వేరు.

మన దక్షిణాదిలోనూ ఈ పని బాగా జరిగింది. మద్రాసు లయోలా కాలేజీలో టి.ఎన్. అనంతకృష్ణన్ (1925–2015) గాల్ కట్టే థ్రిప్స్ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు, ఏ పురుగు ఏ చెట్టుదో ఓపిగ్గా జత కట్టారు.

ఇంత చిన్న పురుగు పేరు మనకెందుకు అనే తమ్ముళ్ళు హవాయి సంగతి వినండి. ఫైకస్ థ్రిప్స్‌ను తినడానికి 1964లో ఫిలిప్పీన్స్ నుంచి ఒక నల్లిలాంటి పురుగును తెచ్చి వదిలారు. అది ఫైకస్ దగ్గర ఆగలేదు. క్లిడెమియా అనే కలుపు మొక్కను అణచడానికి అంతకు ముందే వాళ్ళే తెచ్చి పెట్టుకున్న ఇంకో మంచి థ్రిప్స్‌ను కూడా తిన్నది. ఆ పైన 2009లో తేలిందేమంటే, ఆ నల్లి అని ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి కొన్ని వేర్వేరు జాతులట!

ఇంకా దగ్గరి సంగతి మన మిర్చి. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళకు 2021 చెప్పక్కర్లేదు. మిర్చి మీద మనకు పాత చుట్టం స్కిర్టోథ్రిప్స్ డోర్సాలిస్, 1919లో కోయంబత్తూరు నుంచి వర్ణించినది, ఆకును పైకి ముడిచేది. అదే పై ముడత. కింది ముడత నల్లిది, అది అసలు పురుగే కాదు, సాలీడు చుట్టం. థ్రిప్స్ మందు దానికి పనిచేయదు. 2021లో పూలల్లో గుంపులుగా కనిపించిన నల్ల తామర పురుగు మాత్రం వేరేది, థ్రిప్స్ పార్విస్పైనస్. మన దేశంలో 2015లోనే బొప్పాయి మీద బెంగళూరులో నమోదైంది. మిర్చి చేనును పట్టేసరికి చాలామంది పాత తామర పురుగే అనుకుని, ఒకదాని మీద ఒకటి మందులు కలిపి కొట్టారు. మా ఇంట్లోనూ అప్పుడు ఇక్కణ్ణుంచి పంపిన డబ్బు మందు డబ్బాలకే పోయింది, పూత రాలుతూనే ఉంది.

బహ్రెయిన్‌లో తోటపని చేసే తమ్ముళ్ళకు చెప్పేది ఇదే. మడతపడ్డ ఫైకస్ ఆకు లోపలికి పైనుంచి కొట్టిన మందు సరిగా వెళ్ళదు. అది గది తలుపు వేసుకుని కూర్చుంది. మాస్కు లేకుండా, జులై ఎండలో, ట్యాంకు వీపున వేసుకుని కొడితే ఆ మందు ముందు తగిలేది మీ ఊపిరితిత్తులకే. మడతపడ్డ కొమ్మల చివరలు కత్తిరించి, కింద పడేయకుండా చెత్త కవర్లో గట్టిగా మూతి కట్టి పంపండి. సూపర్‌వైజర్ మందే కొట్టమంటే ఒక ఆకు విప్పి అతని అరచేతిలో పెట్టండి. పిల్లలు పాకుతుంటే మాట వింటాడు.