భూకంపపు అల, నీటిబొట్టు

గ్లాసు నీళ్లలో చిటికెడు టీపొడి వేసి, చెంచాతో గుండ్రంగా తిప్పి ఆపండి. పొడి అడుగున మధ్యకు చేరుతుంది. చెంచా లేకుండా, ఒక్క నీటిబొట్టులో ఇదే పని శబ్దం చేయగలదంటే నమ్ముతారా?

ఘనపదార్థాల ఉపరితలం వెంబడే పాకే అలలు ఉంటాయని 1885లో ఇంగ్లండు శాస్త్రవేత్త లార్డ్ రేలీ గణితంతో చూపారు. భూకంపాల్లో వాటికి పాత్ర ఉంటుందని ఊహించారు. అది నిజమైంది. 1965లో అమెరికాలోని బర్క్‌లీలో వైట్, వోల్ట్‌మర్ రెండు దువ్వెనల పళ్లు ఒకదాని సందుల్లో ఒకటి దూరినట్లుండే లోహపు గీతలను స్ఫటికంపై అమర్చి, విద్యుత్తుతో ఆ అలలను పుట్టించారు. తర్వాత అవి టీవీల్లో, సెల్‌ఫోన్లలో సంకేతాలను వడగట్టాయి.

దారిలో నీటిబొట్టు ఎదురైతే? లిథియం నియోబేట్ స్ఫటికంపై ఈ అల సెకనుకు దాదాపు 4000 మీటర్లు పోతుంది. నీటిలో శబ్దం దాదాపు 1500 మీటర్లే. అందుకే అల నిలువు గీతకు సుమారు 22 డిగ్రీల వాలుతో బొట్టులోకి చొరబడుతుంది. ఒక పక్క అంచుకే తగిలితే నీరు సుడి తిరుగుతుంది. అప్పుడు రేణువులపై రెండు బలాలు పనిచేస్తాయి: నీటి ఈడ్పు, శబ్దపు తోపు. రేణువు పెద్దదయ్యేకొద్దీ తోపు ఈడ్పుకంటే ఎంతో త్వరగా పెరుగుతుంది. అందుకే పెద్దవి ఒకచోట చేరితే, చిన్నవి నీటితోపాటు తిరుగుతూనే ఉంటాయి.

పెద్ద యంత్రాలు లేనిచోట కూడా ఒక్క బొట్టు రక్తంలో కణాలను వేరుచేయవచ్చన్న ఆశ ఇక్కడే ఉంది. రేలీ ఆ లెక్క రక్తం కోసం చేయలేదు. ప్రకృతిని అర్థం చేసుకోవాలనే చేశారు. ఉపయోగం తర్వాత వెతుక్కుంటూ వచ్చింది.