జింజా ఆసుపత్రి కిటికీ

ఈ వేసవిలో మా చిన్నాన్నకి కాలేయంలో గడ్డ కనబడింది. "మందు ముట్టని మనిషికి లివర్ కేన్సరేమిటి?" అని ఇంటిల్లిపాదీ బాధపడ్డాం. సూదితో ముక్క తీసి పరీక్షిస్తే లింఫోమా అని తేలింది. అది లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకి వచ్చే కేన్సర్. ఎక్కువగా లింఫు గ్రంథుల్లో మొదలవుతుంది, బహు అరుదుగా కాలేయంలోనే పుడుతుంది. ఆపరేషన్ వద్దు, కీమో ఇద్దాం అన్నారు డాక్టర్లు. జబ్బుకి అవయవాన్ని బట్టి కాక కణాన్ని బట్టి పేరు పెట్టడం ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. దాని చరిత్ర వెతుకుతుంటే డెనిస్ బర్కిట్ తగిలాడు.

1957లో ఆయన ఉగాండా రాజధాని కంపాలాలో, ములాగో ఆసుపత్రిలో సర్జన్. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. ఒకరోజు దవడలు రెండు పక్కలా, పైనా కిందా వాచిపోయిన పిల్లవాణ్ణి చూపించారు. ఏం చెయ్యాలో తోచలేదు. కొన్ని వారాల తర్వాత జింజా ఊరి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, కిటికీలోంచి అలాంటి ముఖంతోనే మరో బిడ్డ కనబడింది. వెళ్ళి పరీక్షిస్తే పొట్టలోనూ గడ్డ ఉంది.

బర్కిట్ తిరిగొచ్చి పాత రికార్డులు వెతికాడు. దవడ గడ్డలున్న పిల్లల్లో చాలామందికి కాలేయంలోనో, మూత్రపిండాల్లోనో, అండాశయాల్లోనో కూడా గడ్డలున్నాయి. అంతవరకూ ఏ గడ్డకా గడ్డ వేరే జబ్బనుకున్నారు. అన్నీ ఒకటేనని ఆయన 1958లో రాశాడు. అది లింఫోమా అని పెథాలజిస్టులు ఆ తర్వాత తేల్చారు.

1961లో ఇద్దరు డాక్టర్లతో కలిసి కారులో 10,000 మైళ్ళు తిరిగి, ఈ జబ్బు ఏ ఊళ్ళలో ఉందో, ఎక్కడ లేదో కనుక్కున్నాడు. వేడీ వానా ఎక్కువున్న పల్లపు ప్రాంతాల్లోనే ఉంది. ఆ ఏడే లండన్‌లో ఆయన ప్రసంగం విన్న ఆంథొనీ ఎప్‌స్టైన్, 1964లో ఎచాంగ్, బార్‌లతో కలిసి ఆ గడ్డల కణాల్లో ఒక వైరస్‌ని పట్టుకున్నాడు. అదే ఎప్‌స్టైన్-బార్ వైరస్.

కత్తికి లొంగని ఆ గడ్డలు కొందరు పిల్లల్లో కొద్ది మోతాదుల సైక్లోఫాస్ఫమైడ్‌కే కరిగిపోయాయి. చిన్నాన్నకిస్తున్న మందుల్లో అదీ ఒకటి. ఆయనది బర్కిట్ రకం కాదు, అయినా మందు అదే.

నాలుగో కీమో అయింది, గడ్డ తగ్గింది. ఫోన్ చేస్తే ఇప్పటికీ "నా లివర్ కేన్సర్" అనే అంటారు. "లివర్ కేన్సర్ కాదు చిన్నాన్నా, లింఫోమా" అని ప్రతిసారీ చెబుతూనే ఉన్నాను.